నల్లబల్ల మీద ఎడమ సగం

సారు పోయారని పాత బడి వాట్సాప్ గ్రూపులో చూసేసరికి నేను అత్తాపూర్‌లో మా సందు చివర తోటకూర కట్టలు మరీ సన్నగా ఉన్నాయని సణుగుతున్నాను. తోటకూర అక్కడే వదిలేసి ఇంటికొచ్చి, బీరువా పై అరలోంచి ఒక నోటుబుక్కు తీసి సంచిలో పెట్టుకున్నాను. చావుకు వెళ్తూ నోటుబుక్కు ఎందుకని మావారు అడిగారు. ఎనిమిదేళ్లుగా ఒక పిల్లకు ఇచ్చెయ్యాల్సిన పుస్తకం అది. ఇవ్వకుండా నా దగ్గరే పెట్టుకున్నాను. ఆ పిల్ల సారు కడచూపుకైనా వస్తుందేమోనని ఆశ.

కందుకూరు అవతల ఆయన ఊరు. ఆటో దిగగానే డప్పు వినిపించింది. ఇంటి ముందు వేపచెట్టు కింద నలుగురు కొడుతున్నారు. వాళ్లలో నెరిసిన మీసాల మనిషిని చూసి ఆగాను. ఆయన మల్లేశం, ఆ పిల్ల తండ్రి. ఎప్పుడో టీసీ కోసం బడికి వచ్చినప్పుడు ఒక్కసారి చూశాను. పిల్ల కోసం చుట్టూ వెతికాను. రాలేదు.

సారు ముఖం ప్రశాంతంగా ఉందని అందరూ అంటున్నారు. నాకు మాత్రం చొక్కా జేబు మీదే చూపు నిలిచింది. కొత్త చొక్కా తొడిగారు, జేబు తెల్లగా, ఖాళీగా ఉంది. ఆ జేబు ఖాళీగా ఉండగా నేనెన్నడూ చూడలేదు.

శంషాబాద్ దగ్గర హైస్కూల్లో తొమ్మిదేళ్లు కలిసి పనిచేశాం. ఆయనది లెక్కలు, నాది సోషల్. జేబు నిండా సుద్దముక్కలే ఉండేవి, అరంగుళం ముక్కను కూడా పారేసేవారు కాదు. రిజిస్టరులో సంతకం పెట్టమంటే పెన్ను కోసం తడిమి సుద్దముక్క తీసి, దాన్ని కాసేపు చూసి, మళ్లీ లోపల పెట్టుకునేవారు. జేబు అడుగున ఎప్పుడూ ఒక తెల్లటి మరక. ఇంట్లో ఆవిడ ఎలా ఉతికేదో పాపం.

మా బడి మీదుగానే విమానాలు దిగేవి. పాఠం మధ్యలో చప్పుడు మొదలైతే మేమంతా దాన్ని మించి అరిచేవాళ్లం, సాయంత్రానికి గొంతులు పోయేవి. సారు అరిచేవారు కాదు. ఉన్నపళంగా ఆగిపోయేవారు. సుద్దముక్క పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉండేది, తల కాస్త వాలేది. విమానం దాటిపోయాక ఆగిన అక్షరం దగ్గరే అందుకునేవారు. ‘త్రిభు’ దగ్గర ఆగితే ‘జం’ అని మొదలుపెట్టేవారు. పిల్లలు పడీపడీ నవ్వేవారు. ఎందుకలా అని నేనడిగితే, “విమానంతోని కొట్లాడి గెలుస్తమా మేడం? జర ఆగితె అదే పోతది,” అన్నారు.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. తరగతిలోకి వస్తూనే నల్లబల్ల మధ్యలో పైనుంచి కిందికి ఒక గీత గీసేవారు. కుడి పక్కన ‘బడి’ అని, ఎడమ పక్కన ‘ఇల్లు’ అని రాసేవారు. పుస్తకంలో ఉన్నది కుడివైపు. తర్వాత పిల్లల వైపు తిరిగి ప్రతిరోజూ ఒకటే మాట: “మీ ఇంట్ల దీన్ని ఎట్ల జేస్తరు?” వైశాల్యం పాఠానికి ఎడమవైపు పొలం కొలిచే గుంటలు వచ్చేవి. ఒక పిల్లవాడి తాత పొలం రన్‌వే కింద పోయింది. ముసలాయన మంచంలో పడుకుని ఏ గట్టు నుంచి ఏ గట్టుకు ఎన్ని అంగలో ఇప్పటికీ చెబుతాడట. ఆ అంగలు ఎడమవైపు ఎక్కాయి, పొలం విస్తీర్ణం కుడివైపు తేలింది. ఒక పిల్ల తల్లి పాలమ్మేది, చేత్తో ముంతను తూచి పాలెన్నో చెప్పేదట. ఒకడి నాన్న విమానాశ్రయం దగ్గర కారు నడిపేవాడు, ఆ కిరాయి లెక్కలు వచ్చేవి. ఎడమ సగం ఎప్పుడూ కిక్కిరిసి ఉండేది.

ఆయన తర్వాతి పీరియడ్ నాదే. మొదటి రెండేళ్లూ విసుక్కుంటూ ఆ బల్ల తుడిచాను. గుంటలూ, అంగలూ, ముంతలూ పబ్లిక్ పరీక్షలో అడుగుతారా అని ఆయన వినేలాగే అనేదాన్ని. ఒకరోజు ఆయన వెళ్లబోతూ గుమ్మంలో ఆగి, పిల్లలందరి ముందూ నన్నే అడిగారు.

“మీ దిక్కు గుంటలుంటయా మేడం?”

ఉండవనీ, మాకు సెంట్లనీ చెప్పాను. ఎకరానికి వంద సెంట్లు, నలభై గుంటలు. అయితే గుంటకు ఎన్ని సెంట్లని పిల్లల్ని అడిగారు. రెండున్నర అని నాలుగు గొంతులు లేచాయి. ఎడమవైపు చివర ‘మేడం ఇల్లు: సెంటు’ అని రాసి వెళ్లిపోయారు. ఇరవై ఏళ్లుగా హైదరాబాదులో ఉంటున్నాను. నా మాట వినగానే ‘ఆంధ్రా మేడం’ అని పేరు పెట్టినవాళ్లే తప్ప, మీ దిక్కు ఏమంటారని అడిగినవాళ్లు లేరు. ఆ రోజు ఎడమ సగం తుడవబుద్ధి కాలేదు. పాఠమంతా కుడి సగంలోనే రాసుకుంటూ చెప్పాను.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. నాకు ఏదైనా నచ్చితే నలుగురికీ చూపించి మెప్పు తెచ్చుకోకపోతే తోచదు. నా జబ్బు అది.

పిల్లలతో ఆయన ఇంటి లెక్కల పుస్తకాలు రాయించేవారు. ఇంట్లో కొలిచేవి, కోసేవి, కుట్టేవి, వండేవి, ఏవైనా సరే అందులో రాసుకోవచ్చు. ఇంట్లో ఉంటే చిన్నవాళ్లు చింపేస్తారని తరగతి గూట్లో పెట్టుకునేవారు. గూటికి తాళం లేదు, ఒక నియమం మాత్రం ఉంది. ఎవరి పుస్తకం వాళ్లే తెరవాలి. పిల్లలు తమంతట తాము తెచ్చి చూపిస్తే సారు చేతులు వెనక్కి కట్టుకుని, వంగి చదివేవారు. పేజీ కూడా పిల్లలే తిప్పాలి. ఏడాది మొత్తం ఒక్కసారీ చూపించని పిల్లలుండేవారు. వాళ్లనేమీ అడిగేవారు కాదు. నాకది చాదస్తం అనిపించేది.

ఇంతలో పైనుంచి కాగితం వచ్చింది. పిల్లల ఇంటి అనుభవాల ఆధారంగా పాఠాలు చెప్పాలనీ, చెబుతున్నట్టు చూపించాలనీ. సారు దాన్ని నాలుగు మడతలు పెట్టి సుద్దముక్కల జేబులో వేసుకున్నారు. నేను మాత్రం సంబరపడిపోయాను. మన బడిలో ఎప్పటినుంచో జరుగుతున్నదే కదా! అధికారి శుక్రవారం వస్తారన్నారు. సారు ఆ వారమంతా మండల కేంద్రంలో శిక్షణలో ఉన్నారు, సోమవారం గాని రారు. గురువారం బడి వదిలాక నేనే గూడు తెరిచి పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను.

చాలావరకు మామూలువే. పిండి కొలతలు, కిరాయి ఆటో దూరాలు. చివరి నుంచి మూడోది రేణుకది. తొమ్మిదో తరగతి, రెండో బెంచీలో కిటికీ పక్కన కూర్చునే పిల్ల. పిలిస్తే తప్ప పలకదు. నాన్న ఎయిర్‌పోర్టు తోటల్లో పనిచేస్తాడని చెప్పేది. అది నిజమే. చావులకు, జాతరలకు డప్పు కొడతాడన్నది కూడా నిజమే, అది మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఈ దేశంలో పుట్టి పెరిగిన నాకు తెలియాలి. నాకు తట్టనే లేదు.

ఆ పేజీలో డప్పు దెబ్బల్ని భిన్నాలుగా రాసింది. కుడిచేతిలో పట్టే లావు కర్ర, సిర్ర, దాని దెబ్బకు సున్నా, ఎడమచేతి సన్నపుల్లకు చిన్న గీత. సిర్ర ఒకసారి పడే వ్యవధిలో పుల్ల మూడుసార్లు పడితే ఒక్కోటి మూడో వంతు. శవాన్ని ఇంట్లోంచి లేపేటప్పుడు ఒక వరుస, తోవలో నడిచేటప్పుడు ఇంకో వరుస. అన్నీ కూడి ఒకటికి సమానమని తేల్చింది. పేజీ చివర దింపుడుకల్లం గురించి రాసింది. పాడెను తోవలో దించి, పోయినవాళ్లను చివరిసారి పేరు పెట్టి పిలిచే చోటు అది. ‘అక్కడ బాపు డప్పు ఆపుతడు. ఎనిమిది లెక్క ఆపుతడు. దెబ్బ లేకున్న అది లెక్కలనే ఉంటది. మా సారు విమానం వస్తే ఆగినట్టు.’

నా కళ్లు చెమర్చాయి. ఇది అధికారికి చూపించాల్సిందేనని ఆ క్షణమే నిర్ణయించుకున్నాను. పిల్లను ఒక్క మాట అడగాలని కూడా అనిపించలేదు. ఎందుకడగాలి, ఇంత గొప్పగా రాస్తే!

శుక్రవారం తరగతి అంతటి ముందూ నేనే చదివాను. ఆ పిల్ల తల వంచుకుంది, సిగ్గుపడుతోందనుకున్నాను. సారు గురించిన ఆఖరి వాక్యం దాకా రాకముందే అధికారి చప్పట్లు కొట్టారు. మంచి మనిషే, నిజంగానే మురిసిపోయారు. ఏదీ, బెంచీ మీద ఒకసారి కొట్టి చూపించమన్నారు. రేణుక లేచి నిలబడింది. రెండు చేతులూ చున్నీలో చుట్టేసుకుంది. వెనక బెంచీలో ఎవరో వేళ్లతో టకటకా మొదలుపెట్టారు, నవ్వు ముందు బెంచీలదాకా పాకింది.

“కొట్టమ్మా, సిగ్గెందుకు?” అన్నాను నేను.

ఈ ఎనిమిదేళ్లలో ఆ మాట తలచుకోని వారం లేదు. ఆమె కొట్టలేదు. నిలబడే ఉంది. బెల్లు కొట్టాక కూడా కాసేపు అలాగే నిలబడింది.

శనివారం ఆమె బెంచీ మీద ఎవరో సుద్దతో గుండ్రంగా డప్పు బొమ్మ గీశారు. పేరు పెట్టి పిలవడం మానేసి, పిల్లలు ఆమెను చూడగానే వేళ్లు ఆడించడం మొదలుపెట్టారు. సోమవారం ఆమె రాలేదు. సారు వచ్చారు.

ఏం జరిగిందో ఎవరు చెప్పారో తెలియదు. మధ్యాహ్నం స్టాఫ్ రూంలో నా ఎదురుగా వచ్చి కూర్చున్నారు. కోప్పడతారని ఎదురుచూశాను. కోప్పడితే నేనూ ఏదో ఒకటి అని బయటపడేదాన్ని.

“పుస్తకం మీరే తెరిచిన్రా మేడం?”

అవునన్నాను. చాలా గొప్పగా రాసిందనీ, ఆమెకు మంచి పేరు వస్తుందనుకున్నాననీ గబగబా చెప్పుకొచ్చాను.

“గొప్పగనే రాసి ఉంటది. అయినా ఆమెనే తెరవాలె గద,” అన్నారు. “పుస్తకం మీ దగ్గరుంటె ఆమెకు ఇచ్చెయ్యున్రి,” అని లేచి వెళ్లారు. అందులో ఏం రాసిందని అడగలేదు. తర్వాత కూడా ఎన్నడూ అడగలేదు. చెప్పడానికి నాకు నోరు రాలేదు. పిల్ల దగ్గర లాక్కున్నదాన్ని మళ్లీ నా నోటితో చెప్పడమేమిటని ఊరుకున్నాను. ఆమె ఇంటికి వెళ్లే ధైర్యమూ చాలలేదు. పుస్తకం నా బీరువాలో ఉండిపోయింది.

మర్నాడు సారు తరగతిలోకి వెళ్లారు. నేను వరండాలోంచి చూస్తున్నాను. సుద్దముక్క తీసి బల్ల మధ్యలో పెట్టారు. గీత గీయలేదు. ఆ ముక్కను జేబులో వేసుకుని, పుస్తకం తెరిచి, బల్ల నిండా పుస్తకంలో ఉన్నదే రాసుకుంటూ పోయారు. మరునాడూ అంతే. రిటైరయ్యేదాకా మళ్లీ ఆ గీత గీయలేదు. ‘మీ ఇంట్ల ఎట్ల జేస్తరు’ అన్న మాటా మళ్లీ వినలేదు. విమానం వస్తే ఆగడం ఒక్కటే మిగిలింది.

ఏడాది తర్వాత ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, తప్పు నాది, పాఠానికి శిక్ష ఎందుకని. ఆయన జేబులో సుద్దముక్కలు కలియబెట్టారు.

“తప్పు మీ ఒక్కలది కాదు మేడం. నేను గుంటలు రాసిన, పాలు రాసిన. గవన్ని నలుగుట్ల చెప్పుకునేటియి. చెప్పుకోలేనియి కూడ ఇంట్ల ఉంటయని నాకు ఎర్కలేకపాయె. అసుంటి పిల్ల ఇన్నేండ్లు ఆ గీత చూసుకుంట ఎట్ల కూసున్నదో.”

ఆ మాటకు నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. మంచినీళ్ల సీసా నా వైపు జరిపి క్లాసుకు వెళ్లిపోయారు.

ఆయన చావు రోజున ఆడవాళ్లం దింపుడుకల్లం దాకా నడిచాం. పాడె దించారు. డప్పు ఆగింది. నాకు తెలియకుండానే లోపల లెక్కపెట్టడం మొదలైంది. ఆయన కొడుకు చెవి దగ్గరకు వంగి పిలిచాడు. ఏడు దాకా లెక్కపెట్టాను, ఆపైన నావల్ల కాలేదు. మళ్లీ దెబ్బ పడింది. ఆ పేజీలో రాసినది అంతా నా ముందు జరిగింది. ఆ పేజీ సంచిలో ఉంది, ఆయన అది చదవకుండానే పోతున్నారు.

అంతా అయ్యాక మల్లేశం చెట్టు కింద ఒంటరిగా కూర్చుని ఉంటే దగ్గరికెళ్లాను. నేనెవరో చెప్పాను. తెలుసన్నట్టు తలూపాడు. పిల్ల బడి మానేశాక సారు తన ఇంటికి నెలరోజులు రోజూ వచ్చాడని ఆయనే చెప్పాడు. ఇంటి ముందు బండ మీద కూర్చునేవాడట. పిల్లను బడికి పంపమని ఒక్కసారి కూడా అనలేదట. డప్పు నేర్పమన్నాడట.

“ఎంత నేర్పినా ఆ సారుకు చేతకాకపాయె మేడం,” అని మల్లేశం కొంచెం నవ్వాడు. “సార్ తప్పు కొడుతుంటె ఇనలేక నా బిడ్డనే బయటికొచ్చింది ఒకనాడు. ఆ బడికి మాత్రం పోనన్నది. సారే తోల్కపోయి బడంగ్‌పేట్‌ల మా అక్క ఇంటికాడి బడిల ఏసిండు.”

అక్కడే పదీ, ఇంటరూ, డిగ్రీ చదివిందట. ఇప్పుడు విమానాశ్రయంలో టికెట్లు చూసే కౌంటర్లో ఉద్యోగం. ఎందుకు రాలేదని అడిగాను. ఆయన డప్పును తన వైపు లాక్కున్నాడు. “సారును చూడాలని మస్తు ఏడ్చింది. ఇక్కడ నేను డప్పు కొడుతుంట గద. ఆడ పనిచేసేటోళ్లకు ఎవలకన్న తెలుస్తదేమోనని.”

నేను సంచిలోంచి పుస్తకం తీసి ఇచ్చాను. ఆయన అట్ట మీద కూతురి పేరు కూడబలుక్కుని చదివాడు. తెరవకుండానే తిరిగి నా చేతిలో పెట్టాడు. ఎవరిది వాళ్లే తెరవాలని ఆ నెల్లాళ్లలో సారు తనకు చెప్పాడట. “ఆమె చేతికే ఇయ్యున్రి. నేను అడిగి ఫోన్ చేస్త,” అన్నాడు.

పదో రోజు దాటాక ఫోన్ వచ్చింది. మధ్యాహ్నం డ్యూటీ దిగాక శంషాబాద్ బస్టాప్ దగ్గర ఉంటానందట. వెళ్లాను. కంపెనీ కోటు, బిగించి ముడేసిన జుట్టు, ఛాతీ మీద పేరున్న చిన్న పలక. నేను గుర్తుపట్టలేదు, ఆమే దగ్గరికొచ్చింది.

పుస్తకం అందుకుంది. అట్టను బొటనవేలితో ఒకసారి నిమిరింది. “సార్ చూసిండా మేడం?” అని అడిగింది.

లేదన్నాను.

“ఆఖరి లైను సార్ కోసమే రాసిన. సోమారం రాంగనె చూపిద్దామనుకున్న.” రోడ్డు వైపు చూస్తూ అంది. “మీరన్న చెప్పిన్రా, ఆ మాట?”

చెప్పలేదన్నాను. ఇన్నేళ్లలో, అంత దగ్గర కుర్చీలో కూర్చుని, ఎప్పుడూ చెప్పలేదు. ఆయన ఎడమ సగం వదిలేసిన మనిషిగానే పోయారు. ఆ సగంలో తనే ఉన్నానని తెలియకుండా పోయారు. ఆ ఒక్క వాక్యం విని ఉంటే మళ్లీ గీత గీసేవారేమో. గీయకపోయినా సరే, ఆయనకు తెలిసి ఉండాల్సింది.

“మీ బాపు ఆ రోజు ఆగాడు,” అన్నాను. “నేను లెక్కపెట్టాను. ఏడు దాకా.”

“ఎనిమిది,” అంది.

అప్పుడు మొదలుపెట్టాను. ఎనిమిదేళ్లు కూడబెట్టుకున్న మాట. “రేణుకా, నన్ను క్షమి—” అనేసరికి నెత్తి మీద విమానం వచ్చింది. గొంతు పెంచబోయి ఆగాను. ఆమె కూడా ఆగింది. పుస్తకం పట్టుకున్న చెయ్యి సగంలో అలాగే ఉంది, తల కాస్త వాల్చింది. అచ్చం ఆయనలాగే. విమానం కంచె అవతలికి దిగిపోయేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం.

చప్పుడు పోయింది. ఆగిన అక్షరం దగ్గర అందుకుని, “—ంచమ్మా,” అన్నాను.

ఆమె నవ్వబోయిందో, ఏడవబోయిందో నాకు తెలియదు. కోటు గుండీ విప్పి, పుస్తకాన్ని లోపల, ఎవరికీ కనపడకుండా పెట్టుకుని, మళ్లీ గుండీ పెట్టుకుంది.

“బస్సొచ్చింది మేడం,” అని వెళ్లి ఎక్కింది.